సుద్ద అంటిన ముఖం

గోడ నునుపు చేస్తున్న కచానా చేతిలోని ఏటిరాయి ఆ గోడ మీదే ఆగిపోయింది.

కోతలు అయిపోయి, ఎండలు ముదరకముందు టియెబెలే ఊళ్ళో ఆడవాళ్ళు గోడలకు రంగులు దిద్దే రోజులవి. కచానా అన్న అవియా పెద్ద కొడుకు కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. దాని గోడ బాధ్యత మేనత్త కచానాది. పెళ్ళై పక్క ఊరు గెల్వొంగో వెళ్ళినా, ఏటా ఈ రోజుల్లో పుట్టింటికి వస్తుంది; ఆ ఊళ్ళో గోడ పనికి ఆమె మాటే మాట. ఆ పని ఫోటోలు తీసుకుంటానని దగ్గర్లోని పో అనే పట్నం నుంచి రోజూ మోటారు సైకిలు మీద వచ్చిపోతోంది బోబో నగరం పిల్ల సాలిమాతా. రాజధానిలో పెద్ద ప్రదర్శన పెడుతుందట. పాత ఫోటోలు ఒక పక్క, కొత్తవి ఒక పక్క. ప్రతి ఫోటో కింద గోడ దిద్దిన మనిషి పేరు.

ఆ పొద్దున సుద్ద కలిపిన సొరబుర్రలో ఒక మేక మూతి పెట్టింది. సాలిమాతా కెమెరా నుంచి కన్ను తియ్యకుండానే "నీ చేను కోతులు మెయ్య, పోవే అవతలికి!" అని అదిలించింది.

మేకకి చేనెక్కడిదే అని ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. కచానా ఒక్కతే నవ్వలేదు. ఆ తిట్టు ఆ చుట్టుపక్కల ఎవరూ తిట్టేది కాదు. అది కచానా తల్లి సొంతం. తల్లి పోయాక కచానా నోట కొన్నాళ్ళు బతికింది. ఆమెకి పెళ్ళయ్యాక అదీ లేదు. బయటివాళ్ళలో దాన్ని విన్నవాడు, విని నేర్చుకున్నవాడు ఒక్కడే.

"ఎవరు నేర్పారు నీకు ఆ మాట?" అంది కచానా గోడ వైపే చూస్తూ.

"ఏ మాట పెద్దమ్మా?"

"మేకని అన్న మాట."

"అదా! మా నాన్న." సాలిమాతా కెమెరాలో ఏదో సరిచేసుకుంటూ తేలిగ్గా అనేసింది. "నాకు మీ కసెం భాష వచ్చిందే ఆయన వల్ల. మిగతా మాటలు తర్వాత నేర్చుకున్నా, తిట్లు మాత్రం పుట్టినప్పట్నుంచి వచ్చు."

మళ్ళీ నవ్వులు. కచానా వదిన కపూరి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి, "మీ నాన్నకి తిట్లు నేర్పిన మహాతల్లి ఎవరో కనుక్కో పిల్లా, మా ఊరి పరువు బోబో దాకా మోసింది" అంది.

కచానా రాయి కింద పెట్టింది. తడి ఆరకముందే రుద్దాల్సిన గోడ అది. ఆరిపోతే నునుపు రాదు. ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసిన మనిషే రాయి కింద పెట్టేసరికి తక్కిన ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"మీరు కానివ్వండి" అంది కచానా. "నువ్వు ఇటు రా అమ్మాయి."

ఇంటి వెనక ధాన్యం గాదె నీడలో ఇద్దరూ కూర్చున్నారు. కచానా ఒక బుర్రలో జొన్నపిండి కలిపిన నీళ్ళు పోసి పిల్ల చేతికిచ్చింది.

"మీ నాన్న పేరేమిటి?"

"బకారీ సనూ. మీరు ఎరుగుదురా? కుర్రవాడిగా ఉన్నప్పుడు ఈ ఊరు వచ్చాడట. సైకిలు వెనక కెమెరా పెట్టె కట్టుకుని. నేను ప్రదర్శనలో పెట్టే పాత ఫోటోలన్నీ ఆయన తీసినవే."

ఆ పేరు చెవిన పడి ఎన్నేళ్ళయిందో! కచానా తనలో తాను ఎన్నిసార్లు అనుకుందో ఆమెకే తెలియదు గానీ, ఇంకొకరి నోట బయటికి వినడం మళ్ళీ ఇదే. ఎదురుగా ఉన్న పిల్ల ముఖంలో ఆమె ఆత్రంగా వెతికింది. నుదురు అతనిది కాదు. ముక్కు కాదు. మాట్లాడే ముందు పెదవి ఒక పక్కకి కొరుక్కునే అలవాటు మాత్రం అతనిదే.

సైకిలు దిగిన రోజున అతనికి కసెంలో ఒక్క ముక్క రాదు. అవియా తమ ముంగిట్లోనే చోటిచ్చాడు. మట్టి, సుద్ద, జేగురు, నల్లరాయి పొడి, గీతలు దిద్దే గినీకోడి ఈక, ఒక్కొక్కటీ చూపించి పేరు చెప్పింది కచానా. అతను తప్పు పలికినప్పుడల్లా తిట్టేది. అతను తిట్టు కూడా పాఠమే అనుకుని తిరిగి అప్పజెప్పేవాడు. అప్పటికే ఆమెను గెల్వొంగో వాళ్ళకి ఇస్తామని మాటిచ్చేశారు. అది అతనికీ తెలుసు. తెలిసీ ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఒక పొద్దున లేచేసరికి ముంగిట్లో సైకిలు లేదు. "బయటివాళ్ళు అంతేనే, కావలసింది పెట్టెలో పెట్టుకుని పోతారు" అన్నాడు అన్న. వానలు పడ్డాయి, గోడలు కరిగాయి, మళ్ళీ ఎండాయి. అతను రాలేదు.

"ఎరిగినట్టే ఉంది" అంది కచానా. "ఉన్నాడా?"

"ఉన్నారు. అయితే మీకు తెలిసే ఉంటుంది పెద్దమ్మా." సాలిమాతా ముందుకు వంగింది. "ఆయనకి మాటలు నేర్పిన అమ్మాయి ఒకావిడ ఉండేదట ఇక్కడ. నాన్న ఆమె పేరు ఎప్పుడూ చెప్పలేదు. ఆ మేక తిట్టు మా ఇంట్లో నోరు జారినా మా అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. అమ్మ పోయాక ఒకసారి గట్టిగా అడిగాను. ఆమె చిన్న వయసులోనే చనిపోయిందమ్మా అన్నారు. అప్పుడూ పేరు చెప్పలేదు. ఆమె ఫోటో ఒక్కదాని కింద పేరు లేకుండా ఎలా పెట్టను? ఇన్నాళ్ళుగా అడగాలనే అనుకుంటున్నా. చచ్చిపోయిన మనిషి, ఎవరి ఇంటి పిల్లో, ఎవరికి బాధ కలుగుతుందోనని నోరు రాలేదు."

సంచిలోంచి గుడ్డలో చుట్టిన ఫోటో తీసి, కచానా ఒళ్ళో పెట్టింది.

ఆడపిల్ల. గోడ ముందు నిలబడి వెనక్కి తిరిగి నవ్వుతోంది. ముక్కు మీద, ఒక చెంప మీద సుద్ద. చేతిలో గినీకోడి ఈక. ఏదో అనబోతూ ఉన్నట్టు నోరు సగం తెరిచి ఉంది. వెనక గోడ మీద వలలా అల్లుకున్న గీతలు అన్నీ ఎడమ పక్కకి వాలి ఉన్నాయి.

కుర్రతనంలో తన ముఖం ఎలా ఉండేదో ఎరగని కచానా దాన్ని ఎండలోకి తిప్పి చూసింది.

"మా అమ్మ" అంది మెల్లగా. "అమ్మనెప్పుడు తీశాడు?"

తల్లి ముఖం మరిచిపోయానని ఎన్నో ఏళ్ళుగా ఆమె లోపల్లోపల కుమిలిపోతోంది. ఇప్పుడు ఇలా చేతిలో, నవ్వుతూ! వేలితో ఆ చెంప తడిమింది. నుదుటి దగ్గర వేలు ఆగింది. ఎడమ కనుబొమ్మని చీల్చుతూ చిన్న మచ్చ. తల్లికి ఆ మచ్చ లేదు. పసితనంలో రోకలి తగిలి అయిన గాయం అది. కచానా చెయ్యి దానంతట అదే తన కనుబొమ్మ మీదికి పోయింది.

సాలిమాతా ఆ చెయ్యినే చూస్తోంది. ఆ చెయ్యి కింద ఉన్నదాన్ని చూస్తోంది. చేతిలోని బుర్ర ఒలికిపోయినా గమనించలేదు.

"పెద్దమ్మా..."

"నేనే" అంది కచానా.

"కాదు. ఆవిడ పోయింది. గెల్వొంగోలో పాతిపెట్టారని మా నాన్నే చెప్పారు."

"అయితే వారం పైగా నీకు సంకటి వండి పెడుతున్నది దెయ్యమటే?" అంది కచానా. నవ్వుదామనే అంది. ఫోటో కింది అంచు మీద వేలు పెట్టింది. "కచానా అని రాసుకో కింద. బతికే ఉందని కూడా రాసుకో."

సాలిమాతా రెండు చేతులతో ఆమె మోకాళ్ళు పట్టుకుని ఏడ్చేసింది. తండ్రి కోసమో, వంటింట్లోకి వెళ్ళిపోయే తల్లి కోసమో, ఆ పిల్లకే తెలియదు. కచానా ఆమె తల మీద చెయ్యి వేసింది. కళ్ళు మాత్రం ఫోటో మీదే. ఎంత నవ్వు! అలా నవ్వే పిల్ల తనలో ఉండేదని ఎవరైనా చెబితే నమ్మేది కాదు. ఆ పిల్లని చూసినవాడు ఒక్కడు, ఇన్నేళ్ళూ ఆ నవ్వు పారెయ్యకుండా దాచుకుని, ఆమె మట్టిలో ఉందనుకుంటూ బతికాడు.

"ఎక్కడున్నాడు?"

"పో పట్నంలోనే. నాతోనే వచ్చారు."

కచానా లేవబోయి మళ్ళీ కూర్చుంది. "ఇంత దగ్గరా? ఇన్నాళ్ళూ? ఇక్కడికి రావడానికేం?"

"ఆ ఊళ్ళో అడుగు పెట్టనని ఎవరికో మాటిచ్చారట. లారీలు ఆగే చోట హబీబు అని బొబ్బర్ల వడలు వేసి అమ్మే ఆవిడ ఉంది, ఆవిడ ఇంట్లో దిగాం. రోజూ సాయంత్రం నేను వెళ్ళగానే అడుగుతారు. ఏ గోడ చేశారు, ఏ గీతలు పెట్టారు, వల గీతలు ఎడమకి వాల్చి గీసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఉన్నారు నాన్నా, ఒక పెద్దావిడ గీస్తుంది అన్నాను. ఆ రాత్రి తిండి తినలేదు. ఆ చెయ్యి ఎవరికో వచ్చిందన్నమాట అన్నారు."

"నన్ను తీసిన ఫోటో తీసుకెళ్ళి చూపించొచ్చుగా! నా ముఖం చూస్తే..."

సాలిమాతా తల అడ్డంగా ఊపింది.

"కళ్ళు పోయాయి పెద్దమ్మా. లోపలి నరం ఎండిపోయిందన్నారు డాక్టర్లు. ఒక కన్ను ముందు పోయింది, తర్వాత రెండోది. ఫోటోలన్నీ నేనే చూసి చెప్తాను. ఆయన వింటారు."

గాదె అవతల ఆడవాళ్ళ పాట వినిపిస్తోంది. రాళ్ళు గోడ మీద ఒకే వరసలో రాసుకుంటున్న చప్పుడు. కచానా ఫోటో గుడ్డలో చుట్టి పిల్ల చేతికిచ్చి, చీరుకుపోయిన మడమలు నేలకి తన్ని లేచింది.

"వదినా! రాయి ఆపండి. తడిమట్టి కలపండి, పేడ ఎక్కువెయ్యండి."

కపూరి నోరు తెరిచింది. "ఎందుకే? గోడ అయిపోవచ్చింది. రేపు రంగు పెట్టి, ఎల్లుండి అది నిలవడానికి నేరే చెట్టు కాయల కషాయం కొట్టేస్తే పనైపోతుంది."

"దీని మీద గీతలు ఎత్తుగా లేపుతున్నాం. వలా, కొండచిలువా, అన్నీ మట్టితో."

"ఎండ తగిలిందా నీకు? మీ అమ్మ కాలంలో లేపేవాళ్ళు అలాగ. ఇప్పుడు ఎవరికమ్మా అంత ఓపిక?"

"చేత్తో చూసే మనిషొకడు వస్తున్నాడు."

ఎవరని అడిగేలోపే కచానా మట్టిలో చేతులు పెట్టేసింది. ఎడమ చేత్తో పొడుగ్గా తాడులా పేని గోడకి అద్దుతోంది. సాలిమాతా కెమెరా ఎత్తింది. ఎత్తి, అద్దంలోంచి చూస్తూ ఉండిపోయింది గానీ నొక్కడానికి వేలు రాలేదు. చివరికి నొక్కింది. ఏడుస్తూనే నొక్కింది. తండ్రికి చెప్పాలంటే తను సరిగ్గా చూసి ఉండాలి మరి.

సందడి మారిందని కాబోలు, అవియా చేతికర్ర ఊపుకుంటూ ఇంట్లోంచి వచ్చాడు. ఊరి పెద్దల్లో ఒకడు. వయసు వంచినా గొంతు మాత్రం వంగలేదు.

"నునుపు తేలిన గోడ మీద మళ్ళీ మట్టేమిటి? ఎవరు చెప్పారు?"

"నేనే, అన్నా" అంది కచానా వెనక్కి తిరక్కుండా. "చచ్చిపోయినదాని మాట, కాదనకూడదు."

"ఏం కూత అది?"

"గెల్వొంగోలో నన్ను పాతిపెట్టారట కదా. ఎవరు ఏడ్చారు? ఎవరు తవ్వారు? ఏ మేకని కోశారు?"

అవియా చూపు గోడ మీంచి సాలిమాతా మీదికి పోయింది. కెమెరా చూశాడు. ఆ పిల్ల పెదవి ఒక పక్కకి కొరుక్కోవడం చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకి. కర్ర రెండు చేతులతో పట్టుకున్నాడు.

"వాడి కూతురా?"

"నా ఫోటో తెచ్చింది." కచానా ఇటు తిరిగింది. మోచేతుల దాకా మట్టి. "సైకిలు వెళ్ళిపోయిన రోజున అతను దొంగలా పోయాడని చెప్పావు. నమ్మాను. మళ్ళీ వచ్చాడా అన్నా? చెప్పు. వచ్చాడా?"

అవియా భార్య వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"వచ్చాడు" అన్నాడు చివరికి. "మరుసటేడు, కోతలయ్యాక. బావి దగ్గరే పట్టుకున్నాను. నీ ఫోటో పట్టుకుని నిలబడ్డాడు, ఇస్తానని మాటిచ్చానన్నాడు. అప్పటికి గెల్వొంగో వాళ్ళు ఓలికిచ్చిన ఆవులు మన దొడ్లో ఉన్నాయి. నీ వీపున పసివాడున్నాడు. ఏం చెయ్యను? పురిట్లో పోయిందన్నాను. వాడు అక్కడే కూలబడిపోయాడు. ఇంకెప్పుడూ ఈ ఊళ్ళో కాలు పెట్టనని తనే అన్నాడు, నేను అడగలేదు."

"అయ్యో దేవుడా!" కపూరి చేతిలోని బుర్ర కింద పడేసింది. "బతికున్న చెల్లెల్ని నోటితో చంపావా? ఇన్నేళ్ళు నా పక్కన పడుకుని నాక్కూడా చెప్పలేదే!"

"ఇంటి పరువు చూశానే! మాటిచ్చిన ఇల్లది. వాణ్ణి చూస్తే ఇది వెళ్ళిపోయేది." అవియా కర్రతో చెల్లెల్ని చూపించాడు. "వెళ్ళేదానివా, కాదా? నా ముఖం చూసి చెప్పు."

కచానా ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. వీపున గుడ్డలో పసివాడు, పొయ్యి మీద సంకటి, మొగుడు చెడ్డవాడు కాదు. రోడ్డు మీద సైకిలు బెల్లు. ఏం చేసేది?

"తెలీదన్నా" అంది. "వెళ్ళేదాన్నో, ఫోటో తీసుకుని పంపేసేదాన్నో. అది నాకు తెలియాల్సిన సంగతి. నువ్వు తెలియనివ్వలేదు. ఏటేటా రోడ్డు వైపు గోడే నాకు కావాలని పోట్లాడేదాన్ని, గుర్తుందా వదినా? దుమ్ము పడే గోడ ఎందుకే అనేదానివి. ఆ గోడయితే వచ్చేవాళ్ళకి ముందు కనిపిస్తుందని. చచ్చిపోయినదాని గోడ ఎవరు చూస్తారో నాకేం తెలుసు?"

అవియా గోడ పక్కన అరుగు మీద మెల్లగా కూర్చున్నాడు. పెద్దరికమంతా ఒక్కసారి దిగిపోయిన మనిషిలా ఉన్నాడు. కచానా ఆయన్ని చూసింది. కోపం ఉంది. ఆ కోపానికి అందకుండా, ఎంతో కాలంగా లోపల బిగించి కట్టి ఉంచిన ముడి ఏదో వదులైపోతోంది. అతను వచ్చాడు. ఫోటో ఇవ్వడానికి వచ్చాడు. ఇన్నేళ్ళూ ఎదురుచూసింది పిచ్చితనం కాదు.

"అమ్మాయి" అంది. "నీ ఫోన్లో ఆ వడల ఆవిడ పలుకుతుందా?"

సాలిమాతా కళ్ళు తుడుచుకుని వెంటనే నంబరు నొక్కింది. "నాన్నని పిలిపిస్తాను. మీరే మాట్లాడండి పెద్దమ్మా. నేను చెబితే నమ్మరు."

ఫోను గట్టిగా వినిపించేలా పెట్టి మధ్యలో పట్టుకుంది. అందరూ చుట్టూ చేరారు. కచానా చేతులకి మట్టి ఉందని దూరంగా పెట్టుకుని, ముఖం మాత్రం ముందుకి వంచింది. మొదటి మాట ఏమనాలి? పేరు పెట్టి పిలవాలా? ఆ మేక తిట్టు చాలదూ? ఒక్క ముక్క వింటే గుర్తుపట్టడూ!

"హబీబు అత్తా, నేను సాలిమాతాని. నాన్నకి ఇవ్వు."

అవతల నూనె చిటపటలు, లారీ హారన్లు.

"నాన్నకా? నీ దగ్గరికి రాలేదా?" అంది హబీబు. "పొద్దున నువ్వు బండెక్కిన కాసేపటికే కర్ర పట్టుకుని లేచాడమ్మా. వద్దు మొర్రో అన్నా విన్లేదు. రాత్రి నిద్రే పోలేదట. మాటిచ్చిన ఊరికి కాదులే, దానవతల ఊరికి అన్నాడు. అక్కడెవరిదో సమాధి ఉందట, ఒక్కసారి చేత్తో తడిమి వస్తానన్నాడు. నేనే గెల్వొంగో లారీ ఎక్కించాను."

"ఒక్కరినే?"

"ఒక్కడే. ఏదో పేరు పది మందినీ అడుగుతున్నాడు లారీలో. కచానా అని. కచానాని పాతిపెట్టిన చోటు ఎవరికైనా తెలుసా అని."

సాలిమాతా ముఖం పాలిపోయింది. కపూరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గెల్వొంగోలో కచానా అని అడిగితే చూపించేది ఒక్కటే ఇల్లు" అన్నాడు అవియా అరుగు మీంచి, ఎవరితోనూ కానట్టు. "నీ పెద్దకొడుకుది. తండ్రి పోయిన దగ్గర్నుంచి వాడి కోపం ఎలాంటిదో నీకు తెలుసు. బతికున్న తల్లి సమాధి ఏదని ఎవడో ముసలాడు గుమ్మంలో నిలబడి అడిగితే..."

కచానా చేతులు కడుక్కోలేదు. మట్టి చేతులతోనే కొంగు బిగించి, మోటారు సైకిలు వెనక ఎక్కి కూర్చుంది.

"బండి పోనియ్యి అమ్మాయి" అంది. "అతను వాడి గుమ్మం చేరేలోపు మనం చేరాలి."